కుర్రాళ్ల ఓటు, పెద్దాయన గ్రాట్యుటీ: దివాలా మిల్లులో కోతలపై ఓటింగు (కేస్ స్టడీ)

2023 మే నెలలో ఒక సాయంత్రం నెల్లూరులో మా ఆఫీసుకి సలహా కోసం ఆరుగురు వచ్చారు. కోవూరు దాటాక హైవే పక్కన ఉండే ఒక స్పిన్నింగ్ మిల్లు యూనియన్ కమిటీ వాళ్లు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, ఇద్దరి తలల మీద దూది నూగు అలాగే ఉంది. సెక్రటరీ రెండు పేజీల ఇంగ్లీషు కాగితం నా ముందు పెట్టి, "ఆదివారం గేటు మీటింగులో చేతులెత్తి ఒప్పుకున్నాం సార్. ఎల్లుండి సంతకం. మీరొక్కసారి చూసి సరేనంటే చాలు" అన్నాడు.

కాగితంలో ఐదు అంశాలున్నాయి. ఇంక్రిమెంట్లు ఆపాలి. నైట్ షిఫ్టు అలవెన్సు సగం చెయ్యాలి. పాత సెటిల్‌మెంట్ ప్రకారం 15 శాతం ఇచ్చే బోనస్‌ను చట్టం చెప్పిన కనీసం 8.33 శాతానికి దించాలి. నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర ఒక్కో సైడర్ (వాటిని నడిపే కార్మికుడు) చూసే ఫ్రేముల సంఖ్య పెంచాలి. ఇవి నాలుగు. ఐదోది రెండో పేజీ అడుగున, సంతకాల గీతకి కాస్త పైన ఉంది. ఈ ఒప్పందం తేదీ వరకు కంపెనీ ఇవ్వాల్సిన పాత బకాయిలన్నీ, చట్టం ప్రకారం రావలసినవి కూడా, చెల్లిపోయినట్టు యూనియన్ అంగీకరిస్తోందని దాని అర్థం.

గేటు మీటింగులో మొదటి నాలుగూ చదివి తెలుగులో చెప్పారు. ఐదోది చదవలేదు. ఎవరూ దాచలేదు. అగ్రిమెంట్ల చివర ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుందిలే అనుకున్నారు. ఈ కేసులో నా పని అంతా ఆ ఒక్క వాక్యంతో మొదలైంది.

మిల్లు అప్పటికి ఎక్కడుంది

అప్పు కట్టలేదని బ్యాంకు దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 7 కింద, ఇలాంటి కేసులు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లింది. పిటిషన్ అడ్మిట్ అయింది, బాకీల వసూళ్లకి తాత్కాలికంగా మారటోరియం వచ్చింది, పాత డైరెక్టర్ల చేతిలోంచి పెత్తనం దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి పోయింది. కార్మికులు ఆయన్ని ఆర్‌పీ సార్ అనేవాళ్లు. మూడు షిఫ్టులు నడిచే మిల్లులో ఆయన ఒక్క డే షిఫ్టు నిలబెట్టాడు. మస్టరులో 286 మంది పర్మినెంట్ కార్మికులుంటే అందులో మూడో వంతుకి మాత్రమే పని దొరికింది. మిగతావాళ్లలో కొందరు పొలం పనులకి పోయారు, కొందరు శ్రీసిటీలో చేరారు, కొందరు తిరుప్పూరు బస్సెక్కారు.

కోయంబత్తూరు వైపు నూలు వ్యాపారి ఒకాయన మిల్లు తీసుకోడానికి ముందుకొచ్చాడు. యూనియన్ సంతకం పెడితేనే రిజల్యూషన్ ప్లాన్, అంటే మిల్లు తీసుకునే ప్రతిపాదన, వేస్తానన్నాడు. ఇంకో బయ్యర్ కనబడలేదు. ఆ రెండు పేజీల కాగితం ఆయన తరఫున వచ్చిందే.

బయటి నుంచి చూసేవాళ్లకి కార్మికులందరిదీ ఒకటే మాట అనిపిస్తుంది. ఇక్కడ అలా లేదు. డే షిఫ్టులో ఉన్నవాళ్లకి ఆర్‌పీ నెల నెలా జీతం ఇస్తున్నాడు. ఇంటి దగ్గర కూర్చున్నవాళ్లకి ఏమీ లేదు. సునీల్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఒక సంగతి తేల్చింది. దివాలా ప్రక్రియ నడిచే కాలంలో కంపెనీ నడుస్తూ ఉండి, అందులో నిజంగా పనిచేసినవాళ్ల జీతాలే ఆ ప్రక్రియ ఖర్చు కింద ముందుగా చెల్లుతాయి. పని లేకుండా ఉన్నవాళ్లకి ఆ ముందు వరస దక్కదు. అందుకే ఇంటి దగ్గరున్నవాళ్లకి తొందర ఎక్కువ. ఏదో ఒకటి సంతకం పెట్టి మిల్లు తెరిపించండని గేటు మీటింగులో గట్టిగా అరిచింది వాళ్లే. వాళ్లని తప్పు పట్టలేను.

ఐదో అంశం ఎవరి జేబుకి చిల్లు

ఆ రాత్రి కమిటీ వాళ్లని కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేశాను. ఐదో అంశంతో పోయేవాటిలో గ్రాట్యుటీ ఒకటి, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి వచ్చే సొమ్ము. దాని లెక్క అందరికీ తెలిసిందే. చివరి నెల బేసిక్, డీఏ కలిపి, దాన్ని 26తో భాగించి, 15తో గుణిస్తే ఒక ఏడాది సర్వీసుకి వచ్చేది తేలుతుంది. ఈ మిల్లులో సీనియర్ సైడర్‌కి బేసిక్, డీఏ కలిపి 13,000. అంటే ఏడాదికి 7,500. 29 ఏళ్లు చేసినవాడికి 2,17,500. మూడేళ్ల కింద చేరిన కుర్రాడికి? సున్నా. ఐదేళ్లు నిండకపోతే మామూలుగా గ్రాట్యుటీ హక్కే రాదు.

ఐదో అంశం మీద ఓటు పెడితే ఏం జరుగుతుందో ఇక్కడే తెలిసిపోతుంది. మిల్లులో సగానికి పైగా కుర్రాళ్లే. వాళ్లకి ఆ వాక్యం వల్ల పోయేది దాదాపు ఏమీ లేదు, మిల్లు తెరుచుకుంటే వచ్చేది మాత్రం చాలా ఉంది. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ నలభై యాభై మంది సొమ్ముతో మిగతావాళ్లు తమ ఉద్యోగాలు కొనుక్కున్నట్టు అవుతుంది. ఎవరూ ఆ ఉద్దేశంతో ఓటెయ్యరు, కానీ ఫలితం అదే.

మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన ఒక్కడే వచ్చాడు. 29 ఏళ్ల సర్వీసు ఆయనదే. సీటు చివరన కూర్చున్నాడు. తెగిన నూలు పోగులు అతికి అతికి కుడి చేతి చూపుడువేలు కొస గాజులా నున్నగా అయిపోయింది. పాలిథిన్ కవరులోంచి పాత సర్వీసు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఎట్టా సార్, పిల్లకాయలు చేతులెత్తితే నా గ్రాట్యుటీ పోతదా?"

"పోదన్నా. అది ఓటుకి పెట్టే వస్తువు కాదు" అన్నాను.

మాటవరసకి చెప్పింది కాదు అది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న గ్రాట్యుటీ చట్టం 1972లోని సెక్షన్ 14 ప్రకారం, ఆ చట్టానికి విరుద్ధంగా ఏ ఒప్పందం రాసుకున్నా చట్టం మాటే చెల్లేది. పీఎఫ్ సంగతీ అంతే. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల కేసులో, దివాలా ట్రిబ్యునల్ తీర్పులపై అప్పీళ్లు వినే ఎన్‌సీఎల్ఏటీ 2022 అక్టోబరులో పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా ఇవ్వాల్సిందేనని చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. మా కేసుకి నాలుగు నెలల ముందు వచ్చిన ఆ మాట మాకు కొండంత అండ.

ఒక చిక్కు ఉంది, దాన్ని కమిటీ దగ్గర దాచలేదు. మిల్లు లిక్విడేషన్‌కి పోతే, అంటే ఆస్తులు అమ్మేసి మూసేస్తే, పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ ఫండ్ల నుంచి రావలసిన సొమ్ము అమ్మకపు ఆస్తిలో కలవదని ఐబీసీ సెక్షన్ 36 చెబుతుంది. మన మిల్లు గ్రాట్యుటీకి వేరే ఫండే పెట్టలేదు. ఫండే లేనప్పుడు ఎక్కడి నుంచి ఇస్తారని అవతలివాళ్లు తప్పకుండా వాదిస్తారు. గెలుస్తామని నా నమ్మకం, కానీ ఏళ్లు పట్టొచ్చు అని చెప్పాను.

నేను పెట్టిన షరతు ఒకటే. ఐదో అంశం కొట్టేశాకే ఏ ఓటింగైనా. లేకపోతే నేను ఈ కేసులో ఉండను. కమిటీలో ఇద్దరు గొణిగారు, బయ్యర్ పారిపోతాడని. ఆయన పారిపోలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్లో మాట్లాడితే అరగంటలో ఆ వాక్యం తీసేయడానికి ఒప్పుకున్నాడు. జెట్ తీర్పు వచ్చాక ఏ బయ్యరూ పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలోకి తీసుకోకుండా ప్లాన్ వెయ్యడు. అంటే ఆయన ఆ డబ్బు పక్కన పెట్టుకునే ఉన్నాడు, మిగిలితే మిగులుతుందని అడిగి చూశాడంతే. ఆయనకి నిజంగా కావలసింది నాలుగో అంశం, ఫ్రేముల సంఖ్య. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

అమెరికా పైలట్ల కథ

రెండో మీటింగులో ఆటోకోనర్ (నూలుని కోన్లకి చుట్టే యంత్రం) సెక్షన్ కుర్రాడు ఒకడు ఫోన్ పట్టుకుని లేచాడు. "అమెరికాలో పైలట్లు కుదరదని ఓటేశారు, తర్వాత ఎక్కువ ఇచ్చారంట. మనం మాత్రం ఎందుకు తగ్గాలి?" అని అడిగాడు. మంచి ప్రశ్న. తీరిగ్గా జవాబు చెప్పాను, ఇక్కడ కూడా చెబుతాను.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ మాతృసంస్థ 2011 నవంబరు 29న దివాలా పిటిషన్ వేసింది. పైలట్ల యూనియన్ ముందు కంపెనీ తన చివరి ఆఫర్ పెట్టింది. కోతలతో పాటు కంపెనీలో 13.5 శాతం వాటా కూడా ఇస్తామన్నారు. 2012 ఆగస్టులో 61 శాతం పైలట్లు వద్దన్నారు. యూనియన్ అధ్యక్షుడు పదవి వదులుకున్నాడు. సెప్టెంబరులో కోర్టు, పాత కాంట్రాక్టును పక్కన పెట్టుకోడానికి కంపెనీకి అనుమతిచ్చింది. 1984లో చేసిన చట్టం ప్రకారం అక్కడ కోర్టుకి ఆ అధికారం ఉంది. అయినా డిసెంబరులో ఇంకాస్త మెరుగైన ఒప్పందం వచ్చింది, 74 శాతం సరేనన్నారు.

కుర్రాడి మాట నిజమే. కానీ వాళ్ల వెనక ఏముందో చూడాలి. పిటిషన్ వేసిన రోజున ఆ కంపెనీ చేతిలో 4 బిలియన్ డాలర్లకి పైగా నగదుంది. విమానాలు ఎగురుతూనే ఉన్నాయి, పైలట్లు లేకపోతే ఆగిపోతాయి. పైగా యూఎస్ ఎయిర్‌వేస్ అనే ఇంకో కంపెనీ విలీనం కోసం కాచుకుని ఉంది, 2012 ఏప్రిల్లోనే ఈ యూనియన్‌తో విడిగా షరతులు మాట్లాడుకుంది. వద్దన్న పైలట్‌కి ఇంకో తలుపు తెరిచి ఉంది.

మన దేశంలో జెట్ చూడండి అన్నాను. జీతాలు రాక, 2019 ఏప్రిల్ 1 నుంచి ఎగరబోమని పైలట్లు ప్రకటించి, వాయిదా వేశారు. ఏప్రిల్ 17న మొత్తం కంపెనీయే ఆగిపోయింది. ఆగిపోయిన విమానం ముందు నిలబడి 'నేను నడపను' అంటే ఎవరికి దెబ్బ? (ఆ కంపెనీ కథ చివరికి 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు లిక్విడేషన్ ఆదేశంతో ముగిసింది. మేం మాట్లాడుకునే నాటికి అది జరగలేదు.)

మన మిల్లు ఈ రెంటికీ మధ్యలో ఉంది. ఒక షిఫ్టు తిరుగుతోంది, ఒక్క బయ్యరే ఉన్నాడు. కాదంటే ఏమవుతుందో కూడా చెప్పాను. లిక్విడేషన్‌లో సెక్షన్ 53 వరస ప్రకారం, ప్రక్రియ ఖర్చులు పోయాక, లిక్విడేషన్ మొదలవడానికి ముందరి 24 నెలల కార్మికుల బకాయిలు, తాకట్టు హక్కు వదులుకుని వచ్చిన బ్యాంకులతో సమానంగా పంచుతారు. కాగితం మీద మంచి స్థానమే. కానీ పాత రింగ్ ఫ్రేములు తుక్కు రేటుకి అమ్మితే సమానంగా పంచుకోడానికి ఎంత మిగులుతుంది? ఆ కుర్రాడు కూర్చున్నాడు. ఒప్పుకున్నట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు.

చీటీ ఎలా రాశాం

చేతులెత్తే ఓటు రద్దు చేయించాను. గేటు మీటింగులో జాబర్లు, మేస్త్రీలు ముందు నిలబడి చూస్తుంటే వాళ్ల కింద పనిచేసేవాడు చెయ్యి దించడు. రహస్య ఓటింగు పెట్టాం. మిల్లులో కాదు, హైవే పక్కన ఒక చిన్న కల్యాణ మండపం ఒక ఆదివారానికి అద్దెకి తీసుకున్నాం. కోన్లు ప్యాక్ చేసే అట్టపెట్టెకి పైన గాటు పెట్టి, టేపు చుట్టి, దాని మీద కమిటీలోని మూడు వర్గాలవాళ్లూ సంతకాలు చేశారు. తిరుప్పూరు పోయినవాళ్లకి వారం ముందే ఫోన్లు చేశాం. ముప్పై మంది దాకా రాత్రి బస్సుల్లో వచ్చారు.

చీటీ మీద మాటలు నేను రాశాను, ఆరుసార్లు మార్చాను. మొదటి డ్రాఫ్టులో "యాజమాన్య ప్రతిపాదనకు అంగీకరిస్తున్నారా" అని ఉంది. ఒక సైడర్‌కి చూపించి అర్థమేమిటని అడిగితే, "మిల్లు తెరవాలా వద్దా అని" అన్నాడు. ఆ చీటీ చింపేశాను. చివరికి ఇలా తేలింది:

"కొత్త యజమాని ప్లాన్‌కి ట్రిబ్యునల్ అనుమతి వస్తే, ఆ రోజు నుంచి 24 నెలల పాటు ఇంక్రిమెంటు ఆగుతుంది, నైట్ అలవెన్సు సగం అవుతుంది, బోనస్ 8.33 శాతం ఉంటుంది. 24 నెలలు నిండిన మర్నాటి నుంచి పాత రేట్లు వాటంతట అవే వస్తాయి. పీఎఫ్, గ్రాట్యుటీ, పాత జీతాల బకాయి ఇందులో వదులుకోవడం లేదు. దీనికి: ఒప్పుకుంటాను / ఒప్పుకోను."

దాని కింద రెండో ప్రశ్న విడిగా, ఫ్రేముల గురించి. పైలట్ల ఓటింగుల్లో మామూలుగా మొత్తం ప్యాకేజీకి ఒకటే అవును, కాదు. నేను కావాలనే విడదీశాను. డబ్బు తగ్గడం ఒక రకం నష్టం, తేదీ వేసి ఆపొచ్చు. ఒళ్లు అరగడం వేరు. పెరిగిన పని మళ్లీ తగ్గడం నా అనుభవంలో చూడలేదు.

ఓటేసినవాళ్లు 261 మంది. డబ్బు కోతకి 168 సరే, 89 కాదు, 4 చెల్లలేదు. ఫ్రేములు పెంచడానికి 118 సరే, 139 కాదు, 4 చెల్లలేదు.

మండపంలో చప్పట్లు కొట్టలేదెవరూ. సెక్రటరీ అంకెలు చదివి, ఇంకోసారి చదివాడు. బయటికొచ్చి టీ తాగుతుంటే పెద్దాయన నా పక్కన నిలబడ్డాడు. ఏ ప్రశ్నకి ఏం వేశాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

సంతకం

రెండో ప్రశ్న ఓడిపోయిందని తెలిసి బయ్యర్ వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ వారం అందరికీ టెన్షనే. తర్వాత మధ్యేమార్గం దొరికింది. కోయంబత్తూరులోని సిట్రా లాంటి జౌళి పరిశోధన సంస్థ చేత వర్క్‌లోడ్ స్టడీ చేయించాకే ఫ్రేముల సంగతి మాట్లాడాలి, అప్పటిదాకా పాత పద్ధతే. ఓట్ల అంకెలు చేతిలో లేకపోతే ఆయన దీనికి వచ్చేవాడు కాదు.

ఒప్పందాన్ని అప్పట్లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 12(3) కింద, కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి ముందు రాయించాను. ఇరుపక్షాలూ తమలో తాము రాసుకుంటే సెక్షన్ 18(1) ప్రకారం సంతకం పెట్టినవాళ్లనే కట్టేసేది. 12(3) సెటిల్‌మెంట్ అయితే యూనియన్లో లేనివాళ్లతో సహా మిల్లులో అందరికీ వర్తించేది, తర్వాత వచ్చే యజమాని కూడా కాదనడానికి లేదు. సర్వీసు కొనసాగుతుందన్న వాక్యం నేనే దగ్గరుండి టైపు చేయించాను. అది లేకపోతే కొత్త అపాయింట్‌మెంట్ ఆర్డర్లు ఇచ్చి 29 ఏళ్లని ఒక్క రోజు చేసేస్తారు.

ఈలోగా ఆర్‌పీ దగ్గర బకాయిల క్లెయిము. కార్మికులు ఎవరికి వారు ఫారం డీ ఇవ్వొచ్చు, అందరి తరఫున ఒక ప్రతినిధి ఫారం ఈ ఇవ్వొచ్చు. మేం ఫారం ఈ వేశాం. సగం మంది దగ్గర పే స్లిప్పులు లేవు. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూస్తే జీతంలో కోసిన పీఎఫ్ నెలల తరబడి జమ కాలేదని బయటపడింది. ఆ స్క్రీన్‌షాట్లే మా సాక్ష్యం. ఈ పని సంతకాలకి ముందే పూర్తి చెయ్యడం ముఖ్యం. ట్రిబ్యునల్ ఆమోదించిన ప్లాన్ సెక్షన్ 31 ప్రకారం కార్మికుల మీద కూడా చెల్లుతుంది. తర్వాత గుర్తొచ్చిన బకాయికి తలుపు దాదాపు మూసుకుపోయినట్టే.

ప్లాన్‌కి క్రెడిటర్స్ కమిటీలో, అంటే అప్పులిచ్చినవాళ్ల కమిటీలో, 66 శాతం ఓట్లు కావాలి, అంతకన్నా ఎక్కువే వచ్చాయి. ఆ కమిటీలో కార్మికులకి ఓటు లేదు. 2024లో ట్రిబ్యునల్ అనుమతి వచ్చింది. పీఎఫ్ పూర్తిగా కట్టారు. గ్రాట్యుటీ సర్వీసుతో పాటే కొనసాగింది. పాత జీతాల బకాయిలో కొంత భాగమే, అదీ వాయిదాల్లో వచ్చింది. పెద్దాయన ఆ ఏడాదే రిటైరయ్యాడు. చెక్కు జెరాక్స్ తెచ్చి నా ఫైలులో పెట్టించాడు.

ఓటు లేనివాళ్లు

ఇక్కడిదాకా రాసింది చదివితే కేసు బాగా నడిచినట్టుంటుంది. నడవని భాగం ఇది.

మిల్లులో కాంట్రాక్టరు కింద అరవై మందికి పైగా ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టే డాఫింగు పని, దూది ఊడ్చే పని వాళ్లదే. యూనియన్ బైలా ప్రకారం పర్మినెంట్ వాళ్లకే సభ్యత్వం. నేను బైలా చూసి, సభ్యుల జాబితా తీసుకుని, ఓటర్ల లిస్టు తయారు చేయించాను. వాళ్ల పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఫారం ఈ జాబితాలోనూ వాళ్లు లేరు, కాంట్రాక్టరు ఇచ్చుకుంటాడులే అనుకున్నాను.

ఫ్రేములు పెంచడం కుదరకపోయేసరికి బయ్యర్ ఆ మిగులు ఇంకో చోట వెతుక్కున్నాడు. మిల్లు చేతికొచ్చిన మూడో నెలలో డాఫింగు కాంట్రాక్టు తిరగరాసి, సగం మందిని తగ్గించాడు. మన సెటిల్‌మెంట్లో దాన్ని ఆపే వాక్యం ఒక్కటి లేదు. ఐదో అంశం గురించి నేను కమిటీకి చెప్పిన మాట, ఒకరి సొమ్ము ఇంకొకరి ఓటుతో పోకూడదన్న మాట, ఈ ఆడవాళ్ల విషయంలో నాకే గుర్తు రాలేదు. ఓటింగు రోజు మండపం బయట చెట్టు కింద వాళ్లలో పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ఫలితం ఏమొచ్చిందని ఒకామె అడిగితే, "మంచిగానే వచ్చిందమ్మా" అని చెప్పి కారెక్కాను.

ఇప్పుడైతే ఏం చేసేవాణ్ని? ఓటు హక్కు బైలా ప్రకారమే ఇచ్చినా, ఒప్పందం వల్ల పని మారే ప్రతి ఒక్కరి జాబితా ముందు తయారు చేసేవాణ్ని. కాంట్రాక్టు కార్మికుల సంఖ్య 24 నెలలు తగ్గించకూడదన్న వాక్యం మొదటి చీటీలోనే పెట్టేవాణ్ని. వాళ్ల జీతాల బకాయికి అప్పట్లో కాంట్రాక్ట్ లేబర్ చట్టం 1970 సెక్షన్ 21(4) ఉండేది. దాని ప్రకారం కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్రధాన యజమాని, అంటే మిల్లే, ఇవ్వాలి. దాని మీద గడువులోగానే ఫారం డీలు వేయించేవాణ్ని. ఆలస్యంగా వేసినవాటిలో కొన్నే నిలబడ్డాయి.

ఆ తర్వాత జరిగిన జనరల్ బాడీలో బైలా మార్చమని నేనే తీర్మానం రాసిచ్చాను. గంటన్నర గొడవ జరిగింది. పర్మినెంట్ వాళ్ల బలం తగ్గిపోతుందని ఒకరు, రేపు మన ఉద్యోగాల మీద వాళ్లు ఓటేస్తారని ఇంకొకరు. మొన్న మనం వాళ్ల ఉద్యోగాల మీద ఓటెయ్యలేదా అని ఆటోకోనర్ కుర్రాడు లేచి అడిగాడు. తీర్మానం నెగ్గింది. మర్నాడు సభ్యత్వం పుస్తకంలో మొదటి పేజీ మీద వేలిముద్ర వేసింది, ఆ రోజు నన్ను చెట్టు కింద అడిగినామె.